ముక్క పరీక్ష

దీనమ్మకి ఎవరినైనా తిట్టాలనిపిస్తే ప్రార్థనలో తిట్టేది. కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుతున్న మనిషికి ఎవరూ ఎదురు చెప్పరు కాబట్టి ఆవిడకి ఆ పద్ధతి బాగా అలవాటైపోయింది. పెద్దాపురంలో లూథరన్ గుడి వెనక వీధిలో ఉన్న ఆ పెంకుటింట్లో ఆ రోజు కూడా అలాగే తెల్లారింది.

"ప్రభువా, ఈ ఇంట్లోకి బయటినుంచి వచ్చిన తెగులు నీకు తెలుసు. అది ఎవరి నెత్తురులో దాక్కుని వచ్చిందో నీకు మేం చెప్పక్కర్లేదు. నా బిడ్డ కాళ్ళు నాకివ్వు తండ్రీ. ఆమేన్."

"ఆమేన్" అన్నాడు మంచం మీంచి ఆవిడ కొడుకు శాంతికుమార్. వంటింటి గుమ్మం ఇవతల మోకరించిన కోడలు సలోమి కూడా అంది. అనకపోతే దానికి మళ్ళీ వేరే ప్రార్థన ఉంటుందని ఆ పిల్లకి తెలుసు.

సలోమిది నరసాపురం. లేసు అల్లి బతికే ఇంట్లో పుట్టి, ఇంటర్మీడియట్ దాకా చదివి, నాలుగేళ్ళ కిందట ఈ ఇంటికి వచ్చింది. శాంతికుమార్ సామర్లకోట రైల్వే గూడ్సు ఆఫీసులో గుమస్తా. రోజూ సైకిలు మీద వెళ్ళొచ్చేవాడు. ఎనభై ఒకటో సంవత్సరం చివర్లో కాళ్ళు బరువెక్కుతున్నాయన్నాడు. చెప్పు జారిపోయినా తెలియడం లేదన్నాడు. ఒకరోజు కాలవగట్టు మీద సైకిలుతో సహా పడిపోయాడు. ఊళ్ళో డాక్టరు ఎక్స్‌రే తీయించి, వెన్నుపూసలు రెండు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయనీ, ఇది వెన్ను టీబీ అనీ తేల్చి ఇంజక్షన్లూ మాత్రలూ మొదలుపెట్టాడు.

ఆ మాటతో సలోమి బతుకు తలకిందులైంది. ఆమె తండ్రి క్షయతోనే పోయాడు. పెళ్ళిచూపుల నాడే ఆ సంగతి దాచకుండా చెప్పారు. అప్పుడు "పోయినాయన సంగతి మనకెందుకులెండి" అన్న దీనమ్మే ఇప్పుడు ఆ చావుని బయటికి లాగింది. కోడలికి కూడా ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. "ఎక్స్‌రేకి అన్నీ కనపడితే ఇంక దేవుడెందుకు" అని దీనమ్మ కొట్టిపారేసింది. సలోమి కంచం, గ్లాసు వేరైపోయాయి. వంటింట్లో అడుగు పెట్టకూడదంది. అన్నిటికంటే ఘోరం, మూడేళ్ళు నిండని పాపని సలోమి పక్కలోంచి తీసేసి తన గదిలో పడుకోబెట్టుకుంది. ముద్దు పెట్టుకోవడానికి కూడా వీల్లేదు. పాప నిద్రలో లేచి "అమ్మా" అని ఏడిస్తే, మూసిన తలుపు ఇవతల సలోమి నోట్లో కొంగు కుక్కుకుని కూచునేది.

ఎనిమిది నెలలు మందులు మింగినా శాంతికుమార్ కాళ్ళు ఇంకా చచ్చుబడుతూనే ఉన్నాయి. చివరికి విశాఖపట్నం నుంచి కాకినాడలో ఒక నర్సింగ్ హోంకి వచ్చే నరాల సర్జన్‌కి చూపించారు. ఆయన వెన్నులోకి రంగుమందు ఎక్కించి ఫొటో తీసి, లోపల సంచిలాంటిదేదో నరాన్ని నొక్కేస్తోందన్నాడు. "అది టీబీ గడ్డో, క్యాన్సరో, ఇంకేదన్నానో కంటితో చూసి చెప్పేది కాదు. తీసి, ముక్క పరీక్ష చేయించాలి" అన్నాడు.

అప్పుడే గుడి పాస్టరు అయ్యగారు కలగజేసుకుని దీనమ్మ చేత ఒక మాట ఇప్పించారు. పరీక్షలో టీబీ కాదని వస్తే పాపని తల్లికిచ్చెయ్యాలి. టీబీ అని వస్తే సలోమి పాపని వదిలి నరసాపురం వెళ్ళిపోవాలి. రెండోది దీనమ్మ తగిలించిన షరతు. సలోమి దానికీ ఒప్పుకుంది. ఆ రోజునుంచీ సలోమికి పాప ఉన్నది అత్తగారి గదిలో కాదు, ఆ ముక్కలో.

ఆపరేషన్ అయింది. శాంతికుమార్ ఇంటికొచ్చాడు. కాలి బొటనవేళ్ళు కొంచెం కదులుతున్నాయి. రిపోర్టు మాత్రం రాలేదు.

"అత్తయ్యగారూ, ఇవాళ కాకినాడ వెళ్ళి రిపోర్టు తెచ్చేస్తానండి" అంది సలోమి మోకాళ్ళ మీంచి లేచి.

దీనమ్మ చెంబులో నీళ్ళు పోసుకుంటూ వెనక్కి తిరగలేదు. "ఏం అక్కర్లేదు. వాళ్ళే పోస్టులో పంపుతారు."

"వారంలో వస్తుందన్నారండి. దాటిపోయింది."

"దాటితే దాటింది. నువ్వెళ్ళి ఊడబొడిచేదేంటి? బస్సులో పదిమందికీ అంటించి రావడానికా?"

"వెళ్ళనియ్యమ్మా" అన్నాడు శాంతికుమార్. "అదేదో తెలిసిపోతే అందరికీ మంచిదే కదా."

"నువ్వు పడుకోరా. వెన్ను కోయించుకున్నవాడివి, నీకెందుకు ఈ గొడవలు. ఏం తెలియాలంట కొత్తగా? నాకు ముందే తెలుసు."

"ల్యాబులో సీసా తీసుకున్నదెవరండీ?" అని అడిగింది సలోమి. "పేరేమన్నా గుర్తుందా మీకు?"

దీనమ్మ అప్పుడు తిరిగి చూసింది. "ఇచ్చానని చెప్పానా లేదా? పోలీసు దానిలా అడుగుతావేంటే?"

ఆ రోజుల్లో ఆపరేషన్లో తీసిన ముక్కని మందునీళ్ళున్న సీసాలో వేసి, మూత చుట్టూ ప్లాస్టరు చుట్టి రోగి తాలూకు వాళ్ళ చేతికే ఇచ్చేవారు. పరీక్ష చేసే చోటికి వాళ్ళే మోసుకెళ్ళి ఇచ్చుకోవాలి. ఆపరేషన్ నాడు సలోమి రక్తం సీసా కోసం పరిగెత్తింది. ఆ సమయంలో నర్సు ముక్క సీసాని దీనమ్మ చేతిలో పెట్టి, రిక్షా వాడికి ల్యాబు గుర్తులు చెప్పింది. దీనమ్మ సాయంత్రానికి తిరిగొచ్చి "ఇచ్చేశాను" అంది. అంతకుమించి ఆ సంగతి ఎత్తితే విసుక్కునేది.

 సలోమి చీర మార్చుకుని బస్సెక్కింది.

ల్యాబులో డాక్టర్ మీనాకుమారి అనే ఆవిడ మైక్రోస్కోపు ముందునుంచి లేచి వచ్చి సలోమి చెప్పినదంతా ఓపిగ్గా విన్నారు. లోపలికి వెళ్ళి చూసి వచ్చారు.

"అలాంటి సీసా ఇక్కడికి రాలేదమ్మా."

"మా అత్తగారు స్వయంగా తెచ్చిచ్చారండి. లావుగా ఉంటారు, తెల్లచీర."

"ఎవరు తెచ్చినా చూసేది నేనేగా. వెన్నులోంచి తీసిన సంచి రోజూ వచ్చేది కాదు. వస్తే మర్చిపోను" అన్నారు డాక్టరమ్మ. తర్వాత సలోమి మొహం చూసి కాస్త మెత్తబడ్డారు. "ఎక్కడన్నా ఉండిపోయిందేమో వెతుకు. మూత ఊడి ఫార్మలిన్ మందు కారిపోకుండా ఉంటే చాలు, నెలలు గడిచినా ముక్క చెడదు. దొరికితే అలాగే పట్టుకురా."

సలోమికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. బస్సు సామర్లకోట దాటేసరికి ఆమెకి ఒకటే లెక్క అర్థమైంది. రిపోర్టు రాకపోతే టీబీ కాదని తేలదు. తేలకపోతే పాప ఎప్పటికీ ఆ గదిలోనే. అత్తగారు కావాలనే చేసింది. తన మీద కక్షతో సొంత కొడుకు వైద్యాన్నే పణంగా పెట్టింది.

ఇంటికొచ్చేసరికి దీనమ్మ వరండాలో కూచుని పాపకి పప్పన్నం కలిపి పెడుతోంది. సలోమి చెప్పులైనా విప్పలేదు.

"సీసా ఏం చేశారండి?"

"చేతులు కడుక్కుని దూరంగా నుంచో. పిల్ల అన్నం తింటోంది."

"నా పిల్ల దగ్గర నేను నుంచుంటాను. సీసా ఏం చేశారు? మీరు ల్యాబుకి వెళ్ళనే లేదు. డాక్టరమ్మ చెప్పింది."

దీనమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. తర్వాత మళ్ళీ కలపసాగింది. "డాక్టరమ్మ పారేసుకుని నామీద పెడుతోందేమో."

"ప్రార్థన చేసే నోటితో ఎన్ని అబద్ధాలాడతారండి?"

"ఏమన్నావే?" దీనమ్మ లేచి నిలబడింది. "నా ఇంట్లో నిలబడి నన్ను అబద్ధాలాడతానంటావా? మీ నాన్న దగ్గి దగ్గి రక్తం కక్కుకుని పోతే, ఆ గాలి పీల్చి పెరిగినదానివి. నిన్ను చేసుకోబట్టి నా కొడుకు మంచాన పడ్డాడు. గొడ్డులా తిరిగే కుర్రాడు, ఇవాళ ఒంటేలుకి కూడా ఎవరో ఒకరు పట్టుకోవాలి. నువ్వా నన్ను అడిగేది?"

"అందుకే అడుగుతున్నాను. నావల్ల కాదని తేలిపోతుందని మీకు భయం. తేలితే పాపనివ్వాలి, నా కంచం లోపల పెట్టాలి. ఇన్నాళ్ళూ వీధిలో వాళ్ళందరి ముందూ దేవుడికి నామీద చాడీలు చెప్పారే, ఆ నోరు మూసుకోవాలి. అందుకని కన్నకొడుకు వెన్నులో ముక్కని తీసుకెళ్ళి డ్రైనేజీలో పారబోశారు."

పాప బెదిరిపోయి ఏడుపు మొదలెట్టింది. లోపలినుంచి మంచం కిర్రుమన్న చప్పుడు, ఆ వెంటనే ఏదో పడిన చప్పుడు. ఇద్దరూ పరిగెత్తారు. శాంతికుమార్ మంచం దిగబోయి నేలమీద పడి, మోచేతుల మీద గుమ్మం వైపు పాకుతున్నాడు.

"నేనే వెతుక్కుంటాను" అన్నాడు రొప్పుతూ. "నా ముక్క నేను తెచ్చుకుంటాను. మీరిద్దరూ పోట్లాడుకోండి."

"ఒరే, కుట్లు ఊడిపోతాయిరా." దీనమ్మ అతని పక్కన కూలబడింది. "పారబొయ్యడమేంట్రా? నీ ఒంట్లో ముక్కని నేను పారబోస్తానా? మీ నాన్న దగ్గర పెట్టాను."

ఎవరికీ అర్థం కాలేదు.

"మీ నాన్న సమాధి దగ్గర. సీసాతో సహా పూడ్చి, పైన ప్రార్థన చేసొచ్చాను."

శాంతికుమార్ తండ్రి మిషన్ స్కూల్లో మాస్టారుగా చేశారు. షుగరు ముదిరి కాలికి పుండు పడితే ఆసుపత్రిలో మోకాలు దాకా తీసేశారు. తీసిన కాలు ఏం చేశారని దీనమ్మ అప్పుడు ఎవరెవర్నో అడిగింది. ఎక్కడ పారేశారో, ఎక్కడ కాల్చేశారో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఏడాదికే మాస్టారు పోతే కాలులేని శరీరాన్ని పాతిపెట్టారు. చనిపోయినవాళ్ళు అంత్యదినాన శరీరాలతో లేస్తారని ఆవిడ నమ్మకం. నమ్మకం అంటే గోడ మీద రాసుకునే నమ్మకం కాదు, అన్నం తిన్నంత నిజం ఆవిడకి.

"ఆయన ఒంటికాలి మీద లేస్తారు" అంది దీనమ్మ. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. "ఇన్నేళ్ళూ అదే దిగులు నాకు. అందరూ నడిచిపోతుంటే ఆయన కుంటుతూ వెనకబడిపోతారు. ఆ నర్సు సీసా చేతిలో పెట్టి, ల్యాబులో దీన్ని పల్చగా కోసి చూస్తారు, మిగిలింది పారేస్తారు అంది. నా కొడుకు వెన్ను అది. అదీ లేకుండా వీడు ఎలా లేస్తాడు? రిక్షా దిగి బస్సెక్కేశాను."

 ఆ మాటల్లో అబద్ధం లేదని సలోమికి తెలుస్తూనే ఉంది. కానీ ఎనిమిది నెలల కోపం అంత తేలిగ్గా దిగుతుందా?

"లేచే రోజు సంగతి ఆ రోజు చూసుకోవచ్చండి. ఇప్పుడు మీ అబ్బాయి లేవలేకుండా నేలమీద పడి ఉన్నాడు. ఇది క్యాన్సరైతే? మీరు ప్రార్థన చేసి పాతిపెట్టింది క్యాన్సరైతే ఏం చేసేవారు?"

 దీనమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, కోడలితో కలిసి కొడుకుని మంచం ఎక్కించింది.

ఊరి చివర క్రైస్తవుల సమాధుల తోటలో కాపలా ఉండే చిట్టియ్య గునపం పట్టుకొచ్చాడు. దీనమ్మ అతన్ని పక్కకి జరగమని, మాస్టారి సమాధి తలవైపు తనే కూచుని చేతులతో మట్టి తీసింది. సలోమి సాయం పట్టలేదు. ఎండలో నిలబడి చూసింది. ఆవిడ గోళ్ళలో మట్టి దూరుతుంటే జాలెయ్యలేదు సరికదా, ఇంకాస్త లోతుగా పాతి ఉంటే బాగుండేదనిపించింది. అడుగు లోతున పాత దిండు గలీబు, దానిలో సీసా. మూత చుట్టూ ప్లాస్టరు చెక్కుచెదరలేదు. లోపల మందునీళ్ళలో తెల్లటి చిన్న ముక్క, తడిసిన కాగితంలా తేలుతోంది.

దీనమ్మ దాన్ని చీర కుచ్చిళ్ళతో తుడిచి గుండెలకి ఆనించుకుంది. సలోమి చెయ్యి చాపింది.

"తిరిగిస్తారా వాళ్ళు?"

"తెలీదండి."

"అడుగుతావా?"

"ముందు ఇవ్వండి."

ఇచ్చింది. సలోమి దాన్ని ఇంటికైనా తీసుకెళ్ళలేదు. అట్నుంచి అటే బస్సెక్కి, ఒళ్ళో రెండు చేతులా పట్టుకుని కాకినాడ వెళ్ళి డాక్టర్ మీనాకుమారి చేతిలో పెట్టింది. సమాధిలోంచి తీసుకొచ్చానని చెబితే ఆవిడ నవ్వలేదు. సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, "మందు ఉంది. బతికించారు" అన్నారు.

వచ్చే సోమవారం రమ్మన్నారు. ఆ మధ్యలో అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఉప్పూ నిప్పూ ఒకే కప్పు కింద ఉన్నట్టుంది ఆ ఇల్లు. మాట్లాడాల్సి వస్తే ఇద్దరూ పాపతో చెప్పించేవారు.

సోమవారం డాక్టరమ్మ సలోమిని ఎదురుగా కూచోబెట్టుకున్నారు.

"టీబీ కాదమ్మా. క్యాన్సరు కూడా కాదు."

సలోమి బల్ల అంచు పట్టుకుంది. ఆ తర్వాతి మాటలు కాసేపు చెవికెక్కలేదు.

"దీన్ని న్యూరెంటెరిక్ సిస్ట్ అంటారు. చాలా అరుదు. పుస్తకంలో చదవడమే గానీ అద్దం కింద చూడ్డం నాకిదే మొదలు. ఆ సంచి లోపలివైపు ఉన్న పొర ఏమిటో తెలుసా? పేగు పొర. పేగులో ఉండాల్సింది వెన్నులో ఉంది."

"వెన్నులోకి పేగెలా వచ్చిందండీ?"

"రాలేదు, ఉండిపోయింది. తల్లి కడుపులో బిడ్డ గింజంత ఉన్నప్పుడు, వెన్ను అవ్వాల్సిన పొరా పేగు అవ్వాల్సిన పొరా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. తర్వాత విడిపోవాలి. నువ్వు గోదావరి పిల్లవేగా, పూతరేకులు విడదీస్తుంటే ఒక్కోసారి అంచు చిరిగి పక్క రేకుకి అతుక్కుపోతుంది చూశావా? అలాగే మీ ఆయనకి ఓ చిన్న ముక్క వెన్నువైపు ఉండిపోయింది. ఇన్నేళ్ళూ దానిలో మెల్లగా నీరు ఊరి నరాన్ని నొక్కింది. ఎక్స్‌రేలో పూసలు అతుక్కున్నాయని టీబీ అన్నారే, అవీ పుట్టుకతోనే అలా ఉన్నాయి. ఇంక టీబీ మందులు అక్కర్లేదని సర్జన్ గారికి రాస్తాను."

"అంటే ఎవరినుంచీ అంటలేదు."

"ఎవరినుంచీ అంటలేదు. ఎవరి తప్పూ కాదు. ఇదంతా మూడో వారంలో జరిగిపోతుంది. అప్పటికి ఆ తల్లికి నెల కూడా తప్పి ఉండదు. కడుపుతో ఉన్నానని తెలియకముందే అయిపోతుంది. ఆవిడ తిన్నదాని వల్లా కాదు, చేసినదాని వల్లా కాదు. ఈ మాట మీ అత్తగారికి తప్పకుండా చెప్పు. పుట్టుకతో వచ్చిందనగానే తల్లులు ఊరికే కుమిలిపోతారు."

"చెబుతానండి" అంది సలోమి. ఆ నిమిషంలో చెప్పాలనే అనుకుంది.

ఇంటి గుమ్మంలో దీనమ్మ ఎదురుచూస్తోంది. ఎన్నాళ్ళకో తనే ముందు నోరు తెరిచింది. "ఏమన్నారు?"

ఆ గుమ్మంలోనే గోడ వారగా బోర్లించిన తన కంచం కనిపించింది సలోమికి. వస్తూ దారంతా కూడబెట్టుకున్న మంచితనం ఆ కంచం చూడగానే ఆవిరైపోయింది.

"టీబీ కాదంటండి."

"మరి?"

"పుట్టుకతో వచ్చిందంట. మా నాన్న దగ్గర్నుంచి కాదు, నా దగ్గర్నుంచి కాదు. మీ కడుపులోనే వచ్చిందంట, మీ కడుపులోనే పెరిగిందంట."

అంతవరకు చెప్పి ఆపేసింది. మిగతాది నాలుక చివరే ఉంది. మింగేసింది.

దీనమ్మ మొహంలో రంగు పోయింది. లోపలికి వెళ్ళి నిద్రపోతున్న పాపని తెచ్చి సలోమి చేతుల్లో పెట్టింది. పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది. పాప మెడలో మొహం పెట్టి సలోమి ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలీదు. అత్తగారి మొహం గుర్తొచ్చినప్పుడు సంతోషమే వేసింది. అబద్ధమెందుకు, బాగా సంతోషం వేసింది. ఎనిమిది నెలలు నన్ను కాల్చుకు తిన్నావు, నాలుగు రోజులు నువ్వూ కాలు అనుకుంది.

శాంతికుమార్ రిపోర్టులో పేరు చదువుకుని, "పుట్టుకతోనే ఉందా ఇది" అని ఆశ్చర్యపోయి ఊరుకున్నాడు. బతికాను, నడుస్తాను, చాలన్నట్టుంది అతని వరస. తల్లిలో మార్పు అతను రెండో రోజుకి గానీ గమనించలేదు. ఆవిడ అన్నం సరిగ్గా తినడం లేదు. రోజూ పొద్దున వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి అతని వీపు తుడిచే మనిషి, ఆ పని మానేసింది. గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతోంది. పాప "నాయనమ్మా" అని కాళ్ళకి చుట్టుకుంటే వదిలించుకుని దొడ్లోకి వెళ్తోంది. పొద్దున ప్రార్థనలో తెగులు మాట లేదు. అసలు మాటే లేదు. ఊరికే మోకరించి లేచేది.

సలోమి ఇదంతా చూస్తోంది. మొదటి రోజున్నంత సంతోషం రెండోరోజు లేదు. మూడోరోజు చెప్పేద్దామనుకుంది. కానీ ఆలస్యంగా చెబితే ఎందుకు దాచావంటారు. నిజం చెప్పడానికి కూడా ఒక వేళ దాటిపోతుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

గురువారం ఆ ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక. చాపలు పరిచారు. స్త్రీల సమాజం పెద్ద వీరమ్మ పాట ఎత్తుకుంది. పాట అయ్యాక సాక్ష్యాలు చెప్పుకునే వేళ దీనమ్మ లేచి నిలబడింది. కొడుక్కి నయమైనందుకు స్తోత్రం చెబుతుందని అందరూ సర్దుకుని కూచున్నారు.

"నా కోడలు తెగులు తెచ్చిందని మీ అందరి ముందూ దేవుడికి చెప్పాను" అంది దీనమ్మ. గొంతు చాలా మామూలుగా ఉంది. "అది తేలేదు. నా కడుపులోంచి వచ్చింది. దానికి కారణం కూడా నాకు తెలుసు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మాస్టారికి కూడా."

వీరమ్మ ఏదో అనబోయింది. దీనమ్మ ఆగలేదు.

"మా పెద్దది విరేచనాలు పట్టుకుని పోయిన కొద్దిరోజులకే శాంతి కడుపులో పడ్డాడు. నాకింక పిల్లలొద్దనిపించింది. మళ్ళీ కనడం, మళ్ళీ పాతిపెట్టడం, నావల్ల కాదనిపించింది. నెల తప్పిందని తెలియగానే దొడ్లో పచ్చి బొప్పాయి కోసుకుని తిన్నాను. ఉప్పేసుకుని, ఎవరూ చూడకుండా, కడుపు నొప్పెట్టేదాకా తిన్నాను. వాడు పోలేదు. చక్కగా పుట్టాడు. దేవుడు నన్ను క్షమించేశాడనుకున్నాను. క్షమించలేదు. నేను చేసింది తీసుకెళ్ళి వాడి వెన్నులో దాచిపెట్టాడు."

పక్కగదిలో మంచం మీద శాంతికుమార్ వింటున్నాడని అందరికీ తెలుసు. ఎవరూ కదల్లేదు.

"వాడి వీపు ముట్టుకోవడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ పిల్లని ముట్టుకోవడానికీ భయంగా ఉంది. ఈ సమాజంలో నేను ఇంక ప్రార్థన చెయ్యకూడదు. నా తరఫున మీరే చెయ్యండి."

సలోమి పాపని ఒళ్ళోంచి దింపి లేచింది.  నాలుగు రోజులు కాలితే చాలనుకుంది తను. కాలింది నాలుగు రోజులది కాదు, ముప్ఫై ఏళ్ళది. తను దాచిన ఒక్క మాట ఈ మనిషి గుండెలో అంత లోతుకి దిగి ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. తన మీద తనకి అసహ్యం వేసింది.

"అత్తయ్యగారూ, బొప్పాయి వల్ల కాదండి."

దీనమ్మ తల తిప్పి చూసింది.

"అది మూడో వారంలో జరిగిపోతుందంట. అప్పటికి మీకు నెల తప్పనే లేదు. కడుపుతో ఉన్నట్టు మీకే తెలీదు. మీరు బొప్పాయి తినేసరికి అది ఎప్పుడో అయిపోయింది. తల్లి తిన్నదాని వల్ల కాదు, చేసినదాని వల్ల కాదు, ఎవరి తప్పూ కాదు అంది డాక్టరమ్మ."

"ఎప్పుడంది?"

"రిపోర్టు ఇచ్చిన రోజే అండి. మీకు తప్పకుండా చెప్పమంది."

"మరి చెప్పలేదేం?"

సలోమి అబద్ధం కోసం వెతుక్కోలేదు. "మీరు ఏడవాలని అండి."

చాపల మీద ఆడవాళ్ళు గుసగుసలాడారు. "అదేం మాటమ్మాయ్, ఎంతైనా అత్తగారు..." అని వీరమ్మ మొదలెట్టింది.

"నువ్వూరుకో వీరమ్మా" అంది దీనమ్మ. "దానికేం తక్కువ చేశానని? నువ్వు మళ్ళీ చెప్పవే. నాకు తెలియకముందేనా?"

"ముందేనండి."

"నెల తప్పకముందే?"

"తప్పకముందేనండి."

"నేను తిన్నదాని వల్ల కాదు."

"కాదండి. ఒట్టు."

దీనమ్మ ఉన్నచోటే కూలబడి బావురుమంది. ఎనిమిది నెలల్లో ఆవిడ ఏడుపులు సలోమి చాలా చూసింది గానీ, ఇలాంటిది చూడలేదు. ఊపిరి అందక, పళ్ళు కరుచుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. సలోమి పక్కన కూచుని ఆవిడ భుజాలు పట్టుకుంది. ఈ మనిషిని తను ఇంకా పూర్తిగా క్షమించలేదని సలోమికి తెలుసు. అయినా వదల్లేదు. తనకీ ఏడుపొచ్చేసింది.

"పాపని నీ పక్కలోంచి తీశాను" అంది దీనమ్మ వెక్కిళ్ళ మధ్య. "రాత్రుళ్ళు తలుపవతల నువ్వు కూచునేదానివని నాకు తెలుసు. తెలిసే తలుపు తియ్యలేదు."

 ఆ మాటకి సలోమి మనసు మళ్ళీ భగ్గుమంది, మళ్ళీ అంతలోనే నీరైపోయింది.

"అమ్మా" అని పిలిచాడు శాంతికుమార్ లోపలినుంచి. "ఇలా రా."

దీనమ్మ లేవలేదు. సలోమి లేవదీసి నడిపించుకెళ్ళింది. అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, ఏడుస్తున్నది కనపడకూడదని కాబోలు. వీపు మీద రెండు భుజాల మధ్యన జానెడు పొడుగున కుట్ల గీత. ఇంకా పచ్చి ఆరలేదు.

"వీపు తుడిచి నాలుగు రోజులైంది" అన్నాడు. "దురద పుడుతోంది."

దీనమ్మ చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. సలోమి ఆ చేతిని పట్టుకుని కుట్ల పక్కన మెల్లగా ఆనించింది.

"నొప్పెడుతుందేమోనే" అంది దీనమ్మ.

"పెట్టదండి" అంది సలోమి. "అక్కడింకేం లేదు."